ర్యాంకు చిరాకు తగ్గాలంటే ఏ ఆట, ఎవరితో, ఎప్పుడు: విశాఖ ప్లేయర్లకి ఒక పోలిక

ఆన్‌లైన్ ఆటలో నిన్న మూడు మ్యాచ్‌లు గెలిచి సంపాదించిన ర్యాంకు పాయింట్లు ఇవాళ రెండు ఓటములకే ఊడిపోయాయి. టీమ్‌లో ఒకడు నాలుగో రౌండ్‌కే నెట్ పోయిందని మాయమయ్యాడు, ఇంకొకడు మైక్ ఆన్ చేసి పాటలు పెట్టాడు. మైనస్ మాత్రం అందరికీ పడింది. మద్దిలపాలెం హాస్టళ్ళలో అయినా, ఉక్కునగరం క్వార్టర్స్‌లో అయినా, రుషికొండ వైపు ఆఫీసుల నుంచి ఇంటికొచ్చి హెడ్‌సెట్ తగిలించుకునేవాళ్ళలో అయినా రాత్రి పదకొండు దాటాక వినపడే గోడు ఇదే. దీనికి దొరికే సలహాలు కూడా రెండే. "ఇంకా ఆడు, అదే వస్తుంది" అని ఒకరంటారు, "డిలీట్ చేసి పడెయ్" అని ఇంకొకరంటారు.

అన్ని ఆటల ర్యాంకూ ఒకే దాన్ని కొలవదు. ఒక ఆటలో గెలుపోటములే లెక్క. ఇంకో ఆటలో ఎంతసేపు బతికారన్నది లెక్క. మరో ఆటలో సీజన్ మొత్తంలో ఎన్ని గంటలు కూర్చోగలిగారన్నదే చివరికి తేలుతుంది. మీ దగ్గర ఉన్నది టైమా, మనుషులా, మంచి నెట్టా అన్నది చూసుకుని, దాన్నే కొలిచే ఆటకి వెళ్తే చిరాకు చాలావరకు తగ్గుతుంది. ఈ పోలికంతా ఆ లెక్కన రాసిందే. గ్రాఫిక్స్, స్కిన్‌ల సంగతి ఇందులో లేదు.

ముందు ఈ పాయింట్ల లెక్క సంగతి

మనం రోజూ తిట్టుకునే ఈ పాయింట్లకి మూలం చదరంగం. హంగేరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఫిజిక్స్ ప్రొఫెసర్ అర్పాద్ ఈలో తయారుచేసిన పద్ధతిని అమెరికా చెస్ సమాఖ్య 1960లోనూ, అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1970లోనూ తీసుకున్నాయి. కోనేరు హంపి పేరు పక్కన కనపడే రేటింగు కూడా ఆ లెక్కలోదే. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పైనున్నవాళ్ళకి నూటికి 76 వంతులు, 400 ఉంటే 91 వంతులు దక్కుతాయని ముందే అంచనా వేస్తారు. అంచనా ప్రకారమే గెలిస్తే పాయింట్లు కొంచెమే పెరుగుతాయి, అంచనా తలకిందులైతే ఎక్కువగా మారతాయి.

చదరంగంలో ఎదురుగా కూర్చునేది ఒక్కరే. ఓడితే తప్పు ఎవరిదన్న ప్రశ్నే రాదు. టీమ్ ఆటకి వచ్చేసరికి ఆ స్పష్టత పోతుంది. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఎక్స్‌బాక్స్ ఆటల కోసం ట్రూస్కిల్ అనే పద్ధతి తయారుచేసినప్పుడు, ఒక ప్లేయర్ స్థాయి తెలుసుకోవడానికి కనీసం ఎన్ని ఆటలు కావాలో కూడా చెప్పారు. ఒకరితో ఒకరు ఆడితే 12. నలుగురేసి ఉన్న రెండు జట్లైతే 46. ఎనిమిదేసి మంది ఉంటే 91. మిగతా ముగ్గురో ఏడుగురో చేసే పనుల మధ్య మీరు చేసిన పని కనపడడానికి అంత సమయం పడుతుందన్నమాట. కాబట్టి మొదటి ర్యాంకు తేల్చే ఐదు ప్లేస్‌మెంట్ మ్యాచ్‌లు ఆడి "నన్ను సిల్వర్‌లో పడేశాడు" అని బాధపడితే లాభం లేదు. అప్పటికి సిస్టమ్‌కే మీరెవరో సరిగ్గా తెలీదు.

వరస ఓటముల మీద కూడా ఒక లెక్క ఉంది. లాబీ (ఆ మ్యాచ్‌కి కలిపిన ప్లేయర్లంతా) సమానంగా కుదిరిందంటే మీరు గెలిచే అవకాశం సగం. అలాంటి మ్యాచ్‌లు 20 ఆడితే, ఎక్కడో ఒకచోట వరసగా ఐదు ఓడిపోయే అవకాశం నాలుగోవంతు. 50 ఆడితే అది సగానికి మించుతుంది. "నిన్న గెలిపించింది కదా, ఇవాళ కావాలనే చెత్త టీమ్ ఇస్తోంది" అన్న అనుమానం ఇక్కడే పుడుతుంది. ఎవరూ ఏ కుట్రా చేయకపోయినా ఐదు వరసగా పోతాయి.

చెత్త టీమ్ మాట వచ్చింది కాబట్టి అదీ చూద్దాం. ఐదుగురు ఐదుగురితో ఆడే ఆటలో మీరు బుద్ధిగా ఆడేవాళ్ళయితే, మ్యాచ్ చెడగొట్టేవాడు దూరడానికి మీ జట్టులో నాలుగు చోట్లే ఉన్నాయి, ఎదటి జట్టులో ఐదున్నాయి. కొన్ని వందల మ్యాచ్‌ల మీద చూస్తే ఇది మీకే లాభం. ఆదివారం రాత్రి ఆడిన ఆరు మ్యాచ్‌ల మీద చూస్తే మాత్రం ఈ మాట ఎవరికీ ఊరట ఇవ్వదు, నాకూ ఇవ్వదు.

ఇక గంటలు. ఐదుగురు ఐదుగురితో ఆడే పీసీ షూటింగ్ ఆట వాలరెంట్‌లో, ఇమ్మోర్టల్ అనే పై ర్యాంకు కింద ఒక్కో మెట్టుకి 100 పాయింట్లు, మూడు మెట్లు కలిస్తే ఒక ర్యాంకు. గెలిస్తే 20 వచ్చి, ఓడితే 20 పోతుందనుకుందాం. నూటికి 55 మ్యాచ్‌లు గెలిచేవాడంటే నిజంగా తన లాబీ కన్నా మెరుగైనవాడే. వాడికి 100 మ్యాచ్‌లు ఆడాక మిగిలేది 200 పాయింట్లు. ఒక పూర్తి ర్యాంకు ఎక్కాలంటే 150 మ్యాచ్‌లు కావాలి. మ్యాచ్‌కి 35 నిమిషాలు వేసుకున్నా 87 గంటలు దాటుతుంది. రోజుకి రెండు మ్యాచ్‌లు ఆడేవాళ్ళకి రెండున్నర నెలలు. ఈ లెక్క చూసుకోకుండా "ఈ నెలాఖరుకి డైమండ్" అని గోడ మీద రాసుకుంటే మిగిలేది టెన్షనే.

వాలరెంట్: కనపడే బ్యాడ్జి వేరు, అసలు నంబరు వేరు

ఐరన్ నుంచి రేడియంట్ దాకా తొమ్మిది ర్యాంకులు. 2022లో డైమండ్‌కీ ఇమ్మోర్టల్‌కీ మధ్య అసెండెంట్ చేర్చారు. మీకు కనపడే బ్యాడ్జి వెనక కనపడని స్థాయి నంబరు, ఎంఎంఆర్ అనేది, ఒకటి ఉంటుంది. మిమ్మల్ని ఎవరితో ఆడించాలో నిర్ణయించేది ఆ దాగున్న నంబరే. చాలామంది చిరాకుకి కారణం ఈ రెండింటి మధ్య దూరం. గెలిస్తే 15, ఓడితే 24 పోతోందంటే, మీ బ్యాడ్జి మీ అసలు నంబరు కన్నా పైన ఉందని సిస్టమ్ అనుకుంటోందని అర్థం. గెలిస్తే 25, ఓడితే 14 అయితే దానికి రివర్స్. అంటే రెండోవాడు కాస్త ఓపిక పడితే పైకి వెళ్తాడు, మొదటివాడు ఎంత గ్రైండ్ చేసినా ముందు ఆ నంబరు పెరిగితే తప్ప కదలడు. ప్లస్, మైనస్‌ల ఈ తేడా ఒక వారం గమనించండి. ర్యాంకు పుష్ చేయాలా, ఎయిమ్ ప్రాక్టీస్ చేసుకోవాలా అన్నది అదే చెప్తుంది.

ముంబైలో సర్వర్ ఉంది కాబట్టి పింగ్ (సర్వర్ దాకా వెళ్ళి రావడానికి పట్టే సమయం) విషయంలో విశాఖ వాళ్ళకి పెద్దగా ఇబ్బంది ఉండదు. ఇబ్బంది భాషతో. సోలో క్యూలో (ఒంటరిగా వెళ్ళి తెలియనివాళ్ళతో ఆడేటప్పుడు) కాల్‌ఔట్‌లు, అంటే శత్రువు ఎక్కడున్నాడో చెప్పే మాటలు, ఎక్కువగా హిందీలోనే వస్తాయి. "భాయ్, పీఛే సే ఆ రహా హై" అని వాడు అరిచేది అర్థమయ్యి, మనం ఇంగ్లీషులో సమాధానం వెతుక్కునేలోపు రౌండ్ అయిపోతుంది. హిందీ మాట్లాడడం రాకపోయినా పింగ్ వీల్ (తెర మీద గుర్తులు పెట్టే మెనూ) వాడడం, "టూ ఏ మెయిన్" (ఏ మెయిన్ దారిలో ఇద్దరు), "వన్ లో" (ఒకడికి ప్రాణం తక్కువ) లాంటి నాలుగైదు పొట్టి మాటలు అలవాటు చేసుకోవడం దీనికి ఉన్న మందు. మైక్ పెట్టుకోకుండా సోలో ర్యాంకు ఆడి టీమ్ సరిలేదనడం న్యాయం కాదు.

దీనిలో అందరినీ ఎక్కువ విసిగించే నిబంధన నలుగురిది. ర్యాంక్డ్‌లో (ర్యాంకు పాయింట్లు లెక్కలోకి వచ్చే మ్యాచ్‌ల్లో) ఒక్కరు, ఇద్దరు, ముగ్గురు, ఐదుగురు వెళ్ళచ్చు. నలుగురు వెళ్ళకూడదు. నలుగురు స్నేహితుల మధ్య ఇరుక్కున్న ఐదోవాడి బాధ తప్పించడానికి పెట్టారు కాబట్టి నిబంధన మంచిదే. కానీ నలుగురు దోస్తులున్న గదిలో దాని ఫలితం ఇలా ఉంటుంది:

"ఒరేయ్, నలుగురం ఉన్నాం. ఐదోవోడేడి?"

"మా బావమరిది ఉన్నాడ్రా. ఐరన్."

"రమ్మను. ఏటవుద్ది, పాయింట్లే కదా తగ్గుద్ది."

అయ్యేది ఏమిటంటే, ఐదుగురి టీమ్‌కి ఎదురుగా వచ్చేది కూడా ఐదుగురి టీమే. వాళ్ళు నెల్లాళ్ళ నుంచి కలిసి ఆడుతున్నవాళ్ళు కావచ్చు. పాపం ఆ బావమరిదికి ఎదటివాడు కనపడేలోపే బుల్లెట్ తగులుతుంది. పైగా పై ర్యాంకుల్లో ఐదుగురి మధ్య దూరం బాగా ఎక్కువగా ఉంటే వచ్చే పాయింట్లలో కోత పడుతుంది. నలుగురే ఉన్న రాత్రి ముగ్గురు ర్యాంక్డ్‌కి వెళ్ళి ఒకరు పక్కన కూర్చోవడమో, నలుగురూ ర్యాంకు లెక్కలేని అన్‌రేటెడ్ ఆడుకోవడమో మేలు. పక్కన కూర్చునే వంతు మాత్రం మార్చుకుంటూ ఉండాలి.

నా ఓటు: ముగ్గురు నమ్మకమైన మనుషులు, దగ్గరదగ్గర ర్యాంకుల్లో ఉంటే వాలరెంట్. ఐదు చోట్లలో మూడు మీవే, కొత్తవాళ్ళు ఇద్దరే.

కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2: నంబరు బయటే ఉంటుంది

దాపరికం నచ్చనివాళ్ళకి ఇవి. 2023 సెప్టెంబరులో వచ్చిన పీసీ షూటింగ్ ఆట కౌంటర్ స్ట్రైక్ 2లో ప్రీమియర్ మోడ్ ఆడితే ఒక అంకె ఇస్తారు, దానికి ప్రతి 5,000కీ రంగు మారుతుంది. మ్యాచ్ మొదలయ్యేముందే గెలిస్తే ఎంత వస్తుంది, ఓడితే ఎంత పోతుంది అన్నది తెర మీద చూపిస్తారు. ఇది చిన్న సంగతిలా కనపడుతుంది గానీ, పందెం ఎంతో ముందే తెలిస్తే ఓడాక వచ్చే కోపం వేరేగా ఉంటుంది. ప్రైమ్ స్టేటస్ కొనుక్కుంటేనే ప్రీమియర్ ఆడనిస్తారు. అది వద్దనుకుంటే ఫేస్‌ఇట్ అనే వేరే వేదిక ఉంది. అక్కడ 1 నుంచి 10 దాకా లెవెల్స్, వాటి వెనక ఈలో నంబరు, రెండూ కనపడతాయి. దాని యాంటీ చీట్ (మోసగాళ్ళని పట్టే సాఫ్ట్‌వేర్) వేరుగా వేసుకోవాలి. కొత్తవాళ్ళు అక్కడికి వెళ్తే మొదటి నెల నలిగిపోవడం ఖాయం, కానీ చీటర్ల మీద విసిగిపోయినవాళ్ళు చివరికి చేరేది అక్కడికే.

డోటా 2 ఇంకో దారి, ఐదుగురేసి హీరోలతో ఎదటివాళ్ళ కోట కూల్చే ఆట. హెరాల్డ్ నుంచి ఇమ్మోర్టల్ దాకా మెడల్స్, వాటి కింద ఎంఎంఆర్ అంకె. 2023లో లెక్కని గ్లికో పద్ధతికి మార్చారు. అమెరికా గణాంక శాస్త్రవేత్త మార్క్ గ్లిక్‌మన్ చదరంగం కోసమే తయారుచేసిన పద్ధతి అది. మీ అంకెతో పాటు ఆ అంకె మీద సిస్టమ్‌కి ఎంత నమ్మకం ఉందో కూడా లెక్క వేస్తుంది. చాలాకాలం ఆడకపోతే నమ్మకం తగ్గుతుంది, తిరిగొచ్చినప్పుడు పాయింట్లు పెద్ద పెద్ద అడుగులు వేస్తాయి. సెమిస్టర్ పరీక్షలని రెండు నెలలు మానేసి మళ్ళీ వచ్చేవాళ్ళకి ఇది నిజంగా న్యాయమైన పద్ధతి, మిగతా ఆటలు కూడా దీన్ని ఇంత బాహాటంగా చూపిస్తే బాగుండేది. ప్రవర్తనకి వేరే స్కోరు ఉంది, గరిష్ఠం 12,000. మీరు బూతులు తిడుతూ ఆడితే బూతులు తిట్టేవాళ్ళ మధ్యకే చేరతారు. రోల్ (మిడ్ లాంటి, జట్టులో మీ చోటు) ముందే ఎంచుకుని క్యూలో నిలబడచ్చు కాబట్టి "నేను మిడ్, నేను మిడ్" అనే గొడవ కొంత తగ్గింది.

అయితే డోటా ర్యాంక్డ్ తలుపు తెరుచుకోవాలంటేనే ముందు 100 గంటలు ఆడి ఉండాలి. పైగా ఇండియా సర్వర్‌లో క్యూ పలచగా ఉందని చాలామంది సింగపూర్‌కి పోతారు. విశాఖ నుంచి ముంబై నేరుగా చూస్తే 1,100 కిలోమీటర్లు, సింగపూర్ 2,900. ఫైబర్ తీగలో కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే తీగ తిన్నగా వేసినా ముంబైకి వెళ్ళి రావడానికి 11 మిల్లీసెకన్లు, సింగపూర్‌కి 29 పడుతుంది. నిజం తీగ తిన్నగా ఉండదు, మధ్యలో ఎన్నో మలుపులు. డోటాలో ఈ తేడాతో బతికేయచ్చు. కౌంటర్ స్ట్రైక్‌లో బతకలేరు, అందులో ముంబై, చెన్నై సర్వర్లే దిక్కు.

ఒంటరిగా ఆడేవాళ్ళకి, అది కూడా రోజూ ఒకే టైముకి కూర్చోలేనివాళ్ళకి, నా లెక్కలో డోటా మొదటిది. ఫ్రెండ్స్ దొరకనివాడికి వాలరెంట్ సోలో కన్నా ఇక్కడే ప్రశాంతంగా ఉంటుంది. ఒక్క మ్యాచ్ 40 నిమిషాలు లాగినా పర్వాలేదనుకుంటేనే సుమా.

బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్: గంటల ర్యాంకు

ఇంటికి పీసీ లేనివాళ్ళే ఎక్కువ కాబట్టి నిజానికి పోలిక ఇక్కడి నుంచి మొదలవ్వాలేమో. పబ్జీ మొబైల్‌ని 2020 సెప్టెంబరులో నిషేధించారు, 2021 జులైలో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) పేరుతో వచ్చింది, 2022 జులైలో మళ్ళీ పోయింది, 2023 మేలో తిరిగొచ్చింది. అసలు ఫ్రీ ఫైర్ 2022 ఫిబ్రవరిలో పోయింది, మ్యాక్స్ మిగిలింది. మూడేళ్ళు పుష్ చేసిన ఐడీ ఒక్క రాత్రిలో పనికిరాకుండా పోవడం ఇక్కడ చాలామంది చూశారు. ర్యాంకు మీద ప్రాణం పెట్టేముందు ఇది కూడా గుర్తుంచుకోవాల్సిందే.

బ్యాటిల్ రాయల్ (చివరికి మిగిలినవాళ్ళే గెలిచే ఆట) ర్యాంకు లెక్క పూర్తిగా వేరు. బీజీఎంఐ మ్యాప్ ఎరాంగెల్‌లో వందమంది, అంటే 25 స్క్వాడ్‌లు. సగటు స్క్వాడ్‌కి చికెన్ డిన్నర్ (గెలుపు) వచ్చేది పాతిక మ్యాచ్‌లకి ఒకటి. కానీ గెలవకపోయినా, పది లోపు నిలబడి రెండు మూడు కిల్స్ తెచ్చుకుంటే ప్లస్ వస్తుంది. వాలరెంట్‌లో సగం మ్యాచ్‌లు ఓడక తప్పదు. ఇక్కడ జాగ్రత్తగా ఆడేవాడికి రాత్రంతా ప్లస్సే కనపడచ్చు. దాని మూలంగా, రద్దీగా ఉండే పోచింకి ఊళ్ళో దిగి ఇద్దరిని కొట్టి చచ్చిపోయేవాడి కన్నా, మ్యాప్ మూలన దిగి జోన్ (కుంచించుకుపోయే ఆట స్థలం) అంచుల్లో దాక్కుని వచ్చేవాడే త్వరగా ఏస్ అనే పై ర్యాంకుకి చేరతాడు. అందుకే ఏస్ బ్యాడ్జి చూసి వాడు మనకన్నా గొప్ప ప్లేయర్ అనుకోవక్కర్లేదు. వాడు చాలాసేపు ఆడాడు, తొందరపడకుండా ఆడాడు. అంతవరకే. పైన ఉన్న కాంకరర్ సంగతి వేరు, అది ర్యాంకింగ్‌లో మొదటి 500 మందికే. అక్కడికి వెళ్ళాలంటే సీజన్ చివరిదాకా మిగతావాళ్ళు ఆడుతున్నంతసేపూ మీరూ ఆడుతూనే ఉండాలి. దాదాపు రెండు నెలల సీజన్ అయిపోగానే టయర్ (ర్యాంకు) కిందికి దింపుతారు, మళ్ళీ ఎక్కాలి. నెలకి ఎన్ని గంటలు పెట్టగలరో నిజాయితీగా లెక్కేసుకున్నాక కూడా కాంకరర్ కావాలనిపిస్తే వెళ్ళండి. 18 ఏళ్ళలోపు పిల్లలకి రోజుకి 3 గంటల హద్దు ఉంది కాబట్టి ఇంటర్ చదివేవాళ్ళకి ఆ పోటీ మొదలవకముందే అయిపోయినట్టు.

ర్యాండమ్స్‌తో (తెలియని టీమ్‌మేట్లతో) చిరాకు ఇక్కడ కొంచెం తక్కువ. టీమ్‌మేట్ చచ్చి వెళ్ళిపోయినా మీరు మిగిలిన ఆట ఆడి మీ పాయింట్లు మీరు తెచ్చుకోవచ్చు. ఒకడు వదిలేసి వెళ్తే ఇరవై నిమిషాలు ఐదుగురికి నలుగురై కొట్టుకోవాల్సిన ఖర్మ లేదు. కింది టయర్‌లలో బాట్స్ (కంప్యూటర్ ఆడించే బొమ్మలు) ఎక్కువ, వాటిని కొట్టి నేను ఎదిగానని మురిసిపోతే క్రౌన్ టయర్ దాటాక నేల కనపడుతుంది.

టైము తక్కువున్నవాళ్ళకి మొబైల్‌లో రెండు మంచి దారులు ఉన్నాయి. బీజీఎంఐలో లివిక్ మ్యాప్: 52 మంది, పావుగంటలో ముగుస్తుంది. ఫ్రీ ఫైర్‌లో క్లాష్ స్క్వాడ్: నలుగురికి నలుగురు, నాలుగు రౌండ్లు గెలిస్తే మ్యాచ్ మీది, గెలిస్తే స్టార్ వస్తుంది. కాంప్లెక్స్ నుంచి గాజువాక బస్సులో వెళ్తూ ఒకటి పూర్తి చేసినవాళ్ళున్నారు, ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ దగ్గర సిగ్నల్ సహకరిస్తే. కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ మల్టీప్లేయర్ కూడా ఈ కోవలోదే, పీసీ షూటర్ రుచి ఫోన్‌లో కావాలంటే చూడచ్చు.

నిజంగా ఎవరి గురి ఎంతో తేల్చుకోవాలంటే క్లాష్ స్క్వాడ్ ర్యాంకు బ్యాటిల్ రాయల్ ర్యాంకు కన్నా నమ్మదగింది. దాక్కోడానికి చోటుండదు.

కరెంటు, నెట్, ఉక్కపోత

ఇది పోలికల్లో ఎవరూ రాయరు, కానీ మన ఊళ్ళో సగం మైనస్‌లు దీనివల్లే. వేసవి సాయంత్రం గాలివాన వస్తుంది, కరెంటు పోతుంది. పీసీ ఆటలో మ్యాచ్ 35 నిమిషాలు, మామూలు యూపీఎస్ నిలిచేది కొన్ని నిమిషాలే. మధ్యలో పోతే ఓటమితో ఆగదు, పెనాల్టీ కూడా పడుతుంది. కౌంటర్ స్ట్రైక్ 2లో మ్యాచ్ వదిలేసినట్టు తేలితే మొదటిసారి 30 నిమిషాలు, తర్వాత 2 గంటలు, 24 గంటలు, ఆపైన 7 రోజులు క్యూ మూసేస్తుంది. డోటాలో లో ప్రయారిటీలో పడేస్తారు, అందులోంచి బయటికి రావాలంటే గెలవాలి, మీ పక్కన ఉండేది కూడా అలా పడినవాళ్ళే. సముద్రం మీద అల్పపీడనం అని వార్తలొచ్చిన రోజున పీసీలో ర్యాంక్డ్ పెట్టుకోకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ మాట మరీ పట్టించుకోవాలి.

ఫోన్‌కి ఈ బాధ లేదు, బ్యాటరీ ఉంటుంది. వైఫై పోతే మొబైల్ డేటాకి మారుతుంది, ఆ రెండు మూడు సెకన్లలో నాక్ అవ్వకపోతే (దెబ్బతిని పడిపోకపోతే) బతికినట్టే. రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి కొనుక్కుంటే ల్యాప్‌టాప్ మీద ఆడేవాళ్ళకి కూడా గండం తప్పుతుంది. కొత్త మౌస్ కన్నా, కొత్త హెడ్‌సెట్ కన్నా ర్యాంకు కాపాడేది అదే. మే నెల ఉక్కపోతలో ఫోన్ వేడెక్కి ఫ్రేమ్స్ పడిపోతుంటే మాత్రం ఫ్యాన్ కింద కూర్చుని గ్రాఫిక్స్ తగ్గించుకోవడం తప్ప చేయగలిగిందేమీ లేదు. ఛార్జింగ్ పెట్టి ఆడితే ఇంకా వేడెక్కుతుంది.

ఎవరికి ఏది

ఇంజినీరింగ్ హాస్టల్‌లో ఉండి, ఐదుగురు ఒకే గదిలో దొరికితే వాలరెంట్ ఐదుగురి క్యూ తప్ప ఇంకోటి చూడక్కర్లేదు. అలాంటి అవకాశం ఉద్యోగం వచ్చాక మళ్ళీ దొరకదు. ఐదుగురి ర్యాంకులు వేరువేరుగా ఉన్నా రానిస్తుంది, కాల్స్ తెలుగులో ఇచ్చుకోవచ్చు, ఓడితే తిట్టుకోవాల్సింది మనవాళ్ళనే. అపరిచితుడి మీద వచ్చే కోపంలా అది మర్నాటిదాకా మిగలదు. ఒకరు మాత్రమే కాల్స్ ఇవ్వాలని ముందే అనుకోండి. ఐదుగురూ ఐజీఎల్ (ఆటలో కాల్స్ ఇచ్చే లీడర్) అయితే ఏ ర్యాంకూ రాదు.

స్టీల్ ప్లాంట్‌లోనో పోర్టులోనో షిఫ్టులు మారే ఉద్యోగం అయితే స్క్వాడ్ కుదరదు. ఈ వారం మీకు ఖాళీ ఉన్న టైముకి వాళ్ళు డ్యూటీలో ఉంటారు. మీకు డోటా సోలో, లేదా ఫోన్‌లో లివిక్. నైట్ షిఫ్ట్ దిగి పొద్దున్నే ఆడేవాళ్ళు ఒకటి గమనించాలి: ఆ టైముకి క్యూలో జనం తక్కువ, కాబట్టి సిస్టమ్ దగ్గరి స్థాయి వాళ్ళని వెతకలేక దూరపు వాళ్ళని తెచ్చి కూర్చోబెడుతుంది. మ్యాచ్ ఏకపక్షంగా అయిపోతుంది. పొద్దున అన్‌ర్యాంక్డ్ ఆడి, ర్యాంక్డ్‌ని సాయంత్రం ఖాళీ దొరికే వారానికి ఉంచుకోవడం మంచిది.

పెళ్ళయ్యి, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్ళు ఏ పీసీ ర్యాంక్డ్ జోలికీ వెళ్ళకండి. 11-12 స్కోరు మీద పిల్లాడు లేచి ఏడిస్తే మీరు లేవాల్సిందే, మిగతా నలుగురు ఏం పాపం చేశారు? క్లాష్ స్క్వాడ్ మీకోసమే.

డబ్బు పెట్టి ర్యాంకు చేయించుకునే బూస్టింగ్ సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఐడీ వేరేవాడి చేతికిస్తే బ్యాన్ అయినా అవుతుంది, పోయినా పోతుంది. ఒకవేళ నిలబడినా, మీకన్నా బాగా ఆడేవాళ్ళ మధ్య రోజూ ఓడడానికి మీరే డబ్బు కట్టినట్టు.

ఎవరైనా సరే, వరసగా రెండు ఓడితే ఆ పూటకి ర్యాంక్డ్ ఆపండి. మూడోది కోపంతో ఆడతారు. లేచి వెళ్ళి నీళ్ళు తాగండి, బీచ్ రోడ్డు దగ్గరుంటే ఓ మురీ మిక్చర్ తిని రండి.

ర్యాంకు లేకుండా ఆడడం కూడా ఒక ఎంపికే

పది మంది దొరికే చోట దీన్ని మించింది లేదు. కాలేజీ క్లాస్‌మేట్స్, ఆఫీసు టీమ్, వీధిలో కుర్రాళ్ళు కలిస్తే పది మంది కష్టం కాదు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్, డోటాల్లో కస్టమ్ లాబీకి (మనవాళ్ళే ఆడుకునే గదికి) పైసా కట్టక్కర్లేదు, బీజీఎంఐలో రూమ్ కార్డ్ కావాలి. టీమ్‌లు విడగొట్టడంలోనే గొడవలొస్తాయి కాబట్టి, ఇద్దరు కెప్టెన్లని పెట్టి మొదటివాడు ఒకరిని, రెండోవాడు ఇద్దరిని, మళ్ళీ మొదటివాడు ఇద్దరిని తీసుకునేలా ఎంచుకోండి. ఒకరి తర్వాత ఒకరు చొప్పున తీసుకుంటే మొదట ఎంచుకున్నవాడికే మంచి టీమ్ వస్తుంది. ఐదారు వారాలు ఫలితాలు ఒక పేపర్ మీద రాసుకుంటే ఎవరు ఎవరితో ఉంటే గెలుస్తున్నారో మీకే తెలుస్తుంది. ఆటల కంపెనీల సిస్టమ్‌కి అంత త్వరగా తెలియదు, ఎందుకంటే అది మిమ్మల్ని ప్రతిసారీ కొత్తవాళ్ళతో కలుపుతుంది.

ఎంట్రీ ఫీజు తీసుకుని ప్రైజ్ మనీ అని పిలిచే కస్టమ్ రూములు వేరే వ్యవహారం. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌ని విడిగా గుర్తించింది. ఊరూ పేరూ తెలియని గ్రూపులో యూపీఐకి డబ్బు కొట్టి ఐడీ, పాస్‌వర్డ్ కోసం ఎదురుచూడడం ఈ రెండింటిలో ఎటువైపు వస్తుందో తేల్చుకోవడం మీకు అనవసరపు తలనొప్పి. స్నేహితుల రూములో ఓడినవాళ్ళు పునుగులు కొనిపెట్టాలనుకుంటే చాలు.

లాబీ పెట్టేవాడు ఆ రోజు ఆడకుండా పైనుంచి చూస్తూ ఉంటే "నువ్వు స్క్రీన్ చూశావ్, నువ్వు ఘోస్టింగ్ చేశావ్" అనే తగాదాలు తీర్చడానికి ఒక మనిషి ఉంటాడు. కాబట్టి పది కాదు, పదకొండు మందిని పిలవండి. ఆ డ్యూటీ వారం వారం మార్చండి, లేకపోతే మూడో వారానికి వాడు ఫోన్ ఎత్తడు.